వరస తప్పిన బ్లాకులు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను 1979లో ఈ బడిలో పదో తరగతి పాసైనవాణ్ణి. బ్యాంకులో పనిచేసి కిందటేడు రిటైరయ్యాను. కంప్యూటరు చదువేమీ చదవలేదు. రిటైరైన నెలలోనే మన సర్వసభ్య సమావేశంలో "మన వెబ్‌సైటు బొత్తిగా పాతబడింది" అని నోరు జారాను. అన్నవాడే చెయ్యాలన్నారు. అలా ఈ పని నా మెడకు పడింది. ఈ రోజు కార్యదర్శి గారు నాకు పావుగంట ఇచ్చి, ఆ వెబ్‌సైటులో పేజీలు ఎలా కడతారో, బ్లాకులు ఎలా పేరుస్తారో అందరికీ చెప్పమన్నారు. ఇకమీదట ప్రతి బ్యాచ్ తన పేజీ తానే రాసుకోవాలని సంఘం తీర్మానించింది కాబట్టి ఇది మీకందరికీ పనికొచ్చే విషయమే. నేను చేసిన ఒక పెద్ద తప్పు కూడా ఇందులో ఉంది. ఆ తప్పు వల్ల బాధపడిన పెద్దాయన ఇదిగో, ముందు వరసలో కూర్చుని నవ్వుతున్నారు. వారి అనుమతితోనే చెబుతున్నాను.

"బ్లాకు" అనే మాట నేను మొదట విన్నది కంప్యూటర్లో కాదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మన బడి వార్షిక సంచిక వేశారు. తెలుగు మాస్టారు నన్నూ ఇంకో ఇద్దర్నీ ప్రూఫులు తేవడానికి బజారు వీధిలో ప్రెస్సుకు పంపేవారు. అక్కడ కంపోజిటర్ గారు కేసులోంచి సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, ఎడమచేతిలో స్టిక్కులో పేర్చేవారు. అక్షరం వేరు, వత్తు వేరు. స్టిక్కు నిండితే గేలీలోకి మార్చేవారు. గేలీలన్నీ పేజీగా కట్టి ఇనుప చట్రంలో బిగించేవారు. మధ్యలో ఫోటో పెట్టాలంటే బ్లాకు కావాలి. హెడ్‌మాస్టరు గారి ఫోటో బెజవాడ పంపి జింకు మీద బ్లాకు చేయించి, చెక్కకు కొట్టించి తెచ్చారు. అది వచ్చేదాకా ఆ పేజీ ఆగింది. పేజీ కట్టేశాక "ఈ పేరా పైకి రావాలండీ" అన్నామంటే కంపోజిటర్ గారు మా వంక చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎందుకంటే చట్రం విప్పాలి, తాడు విప్పాలి, అక్షరాలు చెదరకుండా ఎత్తాలి, మళ్లీ బిగించాలి.

ఇప్పుడు మన వెబ్‌సైటు నడిచేది వర్డ్‌ప్రెస్ మీద. అది 2003లో మొదలైంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. చాలా ఏళ్లు అందులో రాయడానికి ఉన్నది ఒకే పెద్ద పెట్టె. పొడుగాటి తెల్లకాగితం లాగ పై నుంచి కిందికి రాసుకుంటూ పోవడమే. 2018 డిసెంబరులో వచ్చిన 5.0 వెర్షన్‌తో ఆ పద్ధతి మారింది. కొత్త ఎడిటర్‌లో ప్రతి పేరా ఒక బ్లాకు. శీర్షిక ఒక బ్లాకు. ఫోటో ఒక బ్లాకు. జాబితా, పట్టిక, బటన్, గీత, ఖాళీ జాగా, అన్నీ బ్లాకులే. ఆ ఎడిటర్ తయారుచేసినవాళ్లు దానికి పెట్టుకున్న పేరు గూటెన్‌బర్గ్. పదిహేనో శతాబ్దంలో జర్మనీలోని మైన్జ్ పట్టణంలో విడి అక్షరాలు పేర్చి బైబిల్ అచ్చువేసిన మనిషి పేరు. ఆ పేరు చూడగానే నాకు బజారు వీధి ప్రెస్సు గుర్తొచ్చింది. పని అదే. పేర్చడం, బిగించడం, ప్రూఫు చూడటం. తేడా ఏమిటంటే ఇక్కడ చట్రం విప్పనక్కర్లేదు.

ఎలా చెయ్యాలో టూకీగా చెబుతాను. పేజీ తెరిచి రాయడం మొదలుపెడితే అది పేరా బ్లాకు. ఎంటర్ నొక్కితే ఇంకో పేరా బ్లాకు పుడుతుంది. వేరే రకం కావాలంటే ప్లస్ గుర్తు నొక్కి జాబితాలోంచి ఎంచుకోవచ్చు. లేదా ఖాళీ బ్లాకులో స్లాష్ గుర్తు కొడితే అక్కడే జాబితా వస్తుంది. బ్లాకును ముట్టుకుంటే దాని పైన ఒక చిన్న పట్టీ కనిపిస్తుంది. అందులో పై బాణం, కింది బాణం ఉంటాయి. పై బాణం నొక్కితే ఆ బ్లాకు ఒక మెట్టు పైకి పోతుంది. ఆరు చుక్కల గుర్తు పట్టుకుని లాగి కావలసిన చోట వదలొచ్చు. తప్పు చేస్తే కంట్రోల్, జెడ్ నొక్కితే వెనక్కి వస్తుంది. నిన్నటి రూపం కావాలన్నా రివిజన్లలో దొరుకుతుంది. కాబట్టి భయపడకండి. కంపోజిటర్ గారి చూపు ఇక్కడ లేదు.

భయం లేకపోవడమే నా కొంప ముంచింది.

మొన్న ఉగాదికి "మన గురువులు" అనే పేజీ కట్టాను. మా కాలంలో పనిచేసిన ఆరుగురు గురువులతో మొదలుపెట్టాను. కాలమ్స్ అనే బ్లాకు తీసుకుని పేజీని రెండు నిలువు భాగాలు చేశాను. ఎడమ భాగంలో ఆరు ఫోటోలు ఒకదాని కింద ఒకటి పెట్టి, ప్రతి ఫోటో కింద పేరు రాశాను. కుడి భాగంలో వారి వివరాలు ఆరు పేరాలు. ఫోటోకు ఎదురుగా దాని పేరా రావడం లేదని మధ్య మధ్యలో ఖాళీ జాగా బ్లాకులు పెట్టి, పెంచీ తగ్గించీ, సరిగ్గా ఎదురెదురుగా తెచ్చాను. ఒక పూట పట్టింది. లాప్‌టాప్‌లో చూసుకుంటే ముచ్చటేసింది. పబ్లిష్ నొక్కి, లింకు వాట్సాప్ గ్రూపులో పెట్టి, భోజనం చేసి పడుకున్నాను.

లేచేసరికి గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు, పూలదండలు. "ఓం శాంతి." "లెక్కల మాస్టారు ఎప్పుడు పోయారు? ఎవరూ చెప్పలేదే!" "వారి వల్లే నేను ఇంజనీరునయ్యాను." అమెరికాలో ఉన్న ఒక తమ్ముడు మాస్టారి అమ్మాయికి ఫోన్ చేసి ఏడ్చాడట. ఆవిడ ఆఫీసులో ఉంది. నాన్నకు ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు, ఆయన మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. ఆ పావుగంట ఆ అమ్మాయి ఎలా గడిపిందో తర్వాత నాకు చెప్పింది. అది ఇక్కడ చెప్పను. చెబితే నేను మాట్లాడలేను.

జరిగింది ఇది. ఫోన్ తెర ఇరుకు. రెండు నిలువు భాగాలు పక్కపక్కన పట్టవు. అందుకని ఎడమ భాగం మొత్తం ముందు చూపించి, దాని కింద కుడి భాగం మొత్తం చూపిస్తుంది. అంటే ఆరు ఫోటోలు వరసగా వచ్చాయి, ఆ తర్వాత ఆరు పేరాలు వచ్చాయి. ఫోటోల్లో చివరిది లెక్కల మాస్టారిది. పేరాల్లో మొదటిది హెడ్‌మాస్టరు గారిది. ఆ పేరా మొదటి మాట "కీర్తిశేషులు". లెక్కల మాస్టారి ఫోటో, కింద వారి పేరు, దాని కింద "కీర్తిశేషులు". గ్రూపులో ఉన్నవాళ్లంతా చూసింది ఫోన్లోనే. లాప్‌టాప్‌లో చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

పేజీ వెంటనే తీసేసి మాస్టారికి ఫోన్ చేశాను. గొంతు పెగల్లేదు. ఆయనే మొదలుపెట్టారు. "ఏరా, నేనెప్పుడు పోయానురా? నాకు కబురు చెయ్యకుండా పంపించేశావే!" అన్నారు. వెంటనే, "నా సంగతి సరే. మా అమ్మాయి హడలిపోయింది. రేపు ఇంటికి రా" అన్నారు. 46 ఏళ్ల తర్వాత కూడా ఆ "రా" వింటే అరచెయ్యి దానంతటదే ముందుకు చాపబోయాను.

మర్నాడు వెళ్లాను. ముందు ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను. అమ్మగారు కాఫీ ఇచ్చారు. మాస్టారు కళ్లద్దాలు సవరించుకుని "ఏం చేశావో చూపించు" అన్నారు. లాప్‌టాప్ తెరిచి చూపించాను. ఫోన్లో చూపించాను. కాసేపు చూసి, పాత క్యాలెండరు కాగితం వెనక ఆరు అడ్డు వరసలు, రెండు నిలువు వరసలు గీశారు.

"ఇది నువ్వు కట్టింది. చదివేవాడికి కావలసింది ఏమిటి? అడ్డు వరస. ఈ ఫోటో, దీని సంగతి. నువ్వు కట్టిందేమో నిలువు వరస. పక్కపక్కన ఉన్నంతసేపూ రెండూ ఒకలాగే కనిపిస్తాయి. విడదీస్తే తెలుస్తుంది ఏది దేనితో కట్టి ఉందో. నువ్వు ఫోటోను ఫోటోతో కట్టావు, మనిషిని మనిషి సంగతితో కట్టలేదు."

అని, కాగితం మీద ప్రతి అడ్డు వరస చుట్టూ ఒక బ్రాకెట్టు గీశారు. "బోడ్‌మాస్ మర్చిపోయావా? ముందు బ్రాకెట్టురా!"

నేను పుస్తకాలు చూసి, వీడియోలు చూసి నేర్చుకోని విషయం అది. ఆ ఎడిటర్‌లో సరిగ్గా ఆ బ్రాకెట్టు ఉంది. దాని పేరు గ్రూపు బ్లాకు. కలిసి ఉండాల్సిన బ్లాకుల్ని ఎంచుకుని గ్రూపు చేస్తే అవి కలిసే కదులుతాయి, ఏ తెర మీదైనా కలిసే ఉంటాయి. ఫోటో, దాని పక్కన రాత, ఈ రెంటికీ ప్రత్యేకంగా మీడియా అండ్ టెక్స్ట్ అనే బ్లాకు కూడా ఉంది. పెద్ద తెర మీద పక్కపక్కన ఉంటాయి, ఫోన్లో ఫోటో కింద దాని రాతే వస్తుంది. ఒక గురువుకు ఒక బ్లాకు. అంతే. ఖాళీ జాగాలు పెట్టి ఎదురెదురుగా తెచ్చే అవస్థే లేదు. మాస్టారింట్లో కూర్చునే ఆరూ మళ్లీ కట్టాను. రెండో కాఫీ వచ్చేలోగా అయిపోయింది.

అందుకని బ్యాచ్ పేజీలు రాసేవాళ్లకు నా మొదటి మాట ఇది. పేజీ కట్టేముందు కాగితం మీద గీయండి. ఏది దేనితో కలిసి ఉండాలో బ్రాకెట్టు పెట్టుకోండి. ఆ తర్వాతే బ్లాకులు పెట్టండి. ఖాళీ జాగా బ్లాకులతో సర్దాల్సి వస్తోందంటే, కట్టడంలోనే ఏదో తప్పుందని గుర్తు.

రెండో మాట. ఎడిటర్‌లో లిస్ట్ వ్యూ అని ఒకటుంది. ఎడమ పక్క మూడు గీతల గుర్తు. అది నొక్కితే పేజీలోని బ్లాకులన్నీ ఒక జాబితాగా కనిపిస్తాయి, ఏది ఏ గ్రూపు లోపల ఉందో మెట్లు మెట్లుగా. రంగులూ ఫోటోలూ కళ్లకు అడ్డురావు. ఆ జాబితా పై నుంచి కిందికి చదవండి. ఫోన్లో ఇంచుమించు ఆ వరసలోనే వస్తుంది. ఆ రోజు ఒక్కసారి చదివి ఉంటే, ఆరు ఫోటోల తర్వాత ఆరు పేరాలు అని నాకే కనిపించేది. ప్రివ్యూలో మొబైల్ అనే ఎంపిక కూడా ఉంది. అది చూడకుండా పబ్లిష్ నొక్కకండి. ప్రూఫు చూడకుండా ఫారం మిషనెక్కించిన కంపోజిటర్ ఎవరూ లేరు.

మూడో మాట మా డ్రాయింగు మాస్టారు నేర్పింది. వారికి చివరి రోజుల్లో చూపు పూర్తిగా పోయింది. జీవితమంతా రంగులతో గడిపిన మనిషి. మనవడి ఫోన్లో తెర మీది మాటల్ని పైకి చదివే సదుపాయం పెట్టించుకుని అన్నీ వినేవారు. మన పేజీ బాగుచేశాక వారింటికి వెళ్లి వినిపించాను. ఫోన్ చదువుతోంది. "బొమ్మ." కాస్త ఆగి పేరు, వివరం. మళ్లీ "బొమ్మ." మాస్టారు అన్నారు, "నాయనా, బొమ్మ ఉందని నాకు తెలుస్తోంది. బొమ్మలో ఏముందో చెప్పదేం?"

ఫోటో బ్లాకు పెట్టినప్పుడు పక్కన ఒక గడి ఉంటుంది, ఆల్ట్ టెక్స్ట్ అని. ఫోటో చూడలేనివాళ్ల కోసం అందులో ఏముందో రాసే చోటు. నేను ఆరింట్లోనూ ఖాళీగా వదిలేశాను. మర్నాడు కూర్చుని రాశాను. "తెల్ల చొక్కా, పంచె, చేతిలో సుద్దముక్క, వెనక నల్లబల్ల మీద త్రిభుజం." ఇలాంటివి. శీర్షికలు కూడా అంతే. అక్షరాలు లావు చేసి, పెద్దవి చేసి పెడితే కంటికి శీర్షికలా ఉంటుంది గాని, చెవికి మామూలు పేరాయే. శీర్షిక బ్లాకు వాడితేనే ఆ సదుపాయం దాన్ని శీర్షిక అని చెబుతుంది, ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దూకనిస్తుంది. పేజీ పేరు మొదటి స్థాయి. దాని కింద భాగాలు రెండో స్థాయి. వాటిలో ఉపభాగాలు మూడో స్థాయి. అక్షరం సైజు నచ్చిందని స్థాయి మార్చకండి. మనలో చాలామందికి ఇప్పటికే శుక్లాల ఆపరేషన్లయ్యాయి. రేపు ఇది మనకే కావాలి.

మళ్లీ వెళ్లి వినిపిస్తే, త్రిభుజం దగ్గర మాస్టారు ఆపమన్నారు. "అది ఎవరు గీశారనుకున్నావు? ఆ లెక్కలాయన గీతలు వంకర పోతాయని పొద్దున్నే నేను గీసిపెట్టేవాణ్ణి" అన్నారు. ఇది లెక్కల మాస్టారు ఒప్పుకోరు. అదిగో, తల అడ్డంగా ఊపుతున్నారు.

నాలుగో మాట చిన్నది. ఒకే విషయం చాలా పేజీల్లో ఉండాలంటే, ఉదాహరణకు సంఘం చిరునామా, స్కాలర్‌షిప్ దరఖాస్తు గడువు, దాన్ని సింక్డ్ ప్యాటర్న్‌గా దాచుకోవచ్చు. ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుంది. అదే దాని ప్రమాదం కూడా. మీ బ్యాచ్ పేజీలో కదా అని అందులో మాట మారిస్తే అందరి పేజీల్లోనూ మారిపోతుంది. మీకొక్కరికే మార్పు కావాలంటే ముందు దాన్ని విడదీసి, ఆ తర్వాత దిద్దండి.

అయిదోది తెలుగు గురించి. మన పాత సంచికల్ని డీటీపీలో చేసిన ఫైళ్లు కొందరి దగ్గరున్నాయి. వాటిలో రాత నకలు తీసి బ్లాకులో పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి. అవి ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లోనే తెలుగులా కనిపించే అక్షరాలు. యూనికోడ్‌లో మన తెలుగుకు 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే చోటుంది. ఆ పద్ధతిలోకి మార్చి, ప్రూఫు చూసి పెట్టాలి. కొంచెం శ్రమే. కాని ఇప్పుడు మార్చకపోతే ఆ ఫైళ్లు తెరిచే కంప్యూటర్లే మిగలవు. తెలుగు మాస్టారు ఎర్రసిరాతో దిద్దిన మన రాతలు అందులో ఉన్నాయి.

చివరిగా ఒక సంగతి చెప్పి ముగిస్తాను.

ఆ తప్పు జరిగాక "మన గురువులు" పేజీని రెండు గ్రూపులు చేశాను. పైన "మన మధ్య ఉన్న గురువులు". కింద "కీర్తిశేషులు". ఎవరు ఎక్కడో అనుమానం రాకుండా. శ్రావణంలో ఒక రాత్రి డ్రాయింగు మాస్టారి మనవడు ఫోన్ చేశాడు. అంత్యక్రియలకు వెళ్లి వచ్చాక, సాయంత్రం లాప్‌టాప్ తెరిచాను. లిస్ట్ వ్యూలో వారి బ్లాకు ఉంది. దాన్ని పట్టుకుని పై గ్రూపు నుంచి కింది గ్రూపులోకి లాగాలి. రెండు సెకన్ల పని. అన్నీ ఒక బ్లాకులోనే కట్టి ఉన్నాయి కాబట్టి ఫోటో, పేరు, వివరం కలిసే వస్తాయి. ఏదీ చెదరదు. ఆ రెండు సెకన్ల పనికి నాకు రాత్రి పదయింది. సేవ్ నొక్కేముందు ఫోన్ ప్రివ్యూ చూశాను. లెక్కల మాస్టారు పైనే ఉన్నారు. ఇంకోసారి చూసుకుని అప్పుడు నొక్కాను.

సంఘానికి 50 ఏళ్లు. ప్రతి బ్యాచ్‌కూ ఇలాంటి పేజీ ఒకటి కావాలి. అందులో ఎవరు ఎక్కడున్నారో, ఎవరు లేరో, ఎవరు ఎవరి పక్క బెంచీలో కూర్చున్నారో మీకే తెలుసు, నాకు తెలియదు. బ్యాచ్‌కు ఇద్దరు చొప్పున పేర్లు ఇవ్వండి. భోజనాల తర్వాత ఎనిమిదో తరగతి గదిలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటాను. అరగంటలో నేర్పిస్తాను. కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. లెక్కల మాస్టారు కూడా వస్తామన్నారు. బ్రాకెట్లు వారే చూస్తారు.